వెలిగొండ అంచున గ్రావెల్ సైకిలు: ఒంగోలు నుంచి ఉదయగిరి దాకా పాత మిషను ఊళ్ళ దారి

ఈ శీతకాలానికి నేను పెట్టుకున్న పని ఒక్కటే. ఒంగోలు నుంచి పొదిలి, కనిగిరి, పామూరు మీదుగా ఉదయగిరి దాకా, వీలైనంత వరకు తారు రోడ్డు ఎక్కకుండా, గ్రావెల్ సైకిలు (మట్టి, కంకర దారుల కోసం వెడల్పు టైర్లతో చేసిన సైకిలు) మీద వెళ్ళగలిగే దారిని ముక్కలు ముక్కలుగా తొక్కి చూసి, చివరకు ఒకటిగా కలపాలి. ఈ ఊళ్ళనే ఎంచుకోవడానికి కారణం అమెరికన్ బాప్టిస్టు మిషను. వారు ఒంగోలులో 1866లోను, ఉదయగిరిలో 1885లోను, కనిగిరిలో 1892లోను, పొదిలిలో 1894లోను మిషను కేంద్రాలు తెరిచారు. చుట్టుపక్కల పల్లెల జనం కచేరీ పనులకూ సంతకూ వచ్చిపోయే ఊళ్ళు కావడంతో వీటి నడుమ బండిబాటలు అప్పటికే ఉండేవి. మిషనరీలు ఎద్దుబండ్ల మీద గుడారాలు వేసుకొని తిరిగింది కూడా అటువంటి బాటల మీదనే. వాటిలో కొన్ని తారు రోడ్లయ్యాయి, కొన్ని డొంకలుగానే మిగిలాయి. పామూరును మజిలీగా లెక్కవేసుకుంటే ఒక ఊరికీ మరో ఊరికీ మధ్య దూరం సుమారు ముప్పై నుంచి యాభై కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి, గ్రావెల్ సైకిలుకు ఇంతకన్నా కుదురైన మజిలీల వరుస మన ప్రాంతంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

సైకిలు వివరాలు ముందుగా చెప్పడం మంచిది, ఎందుకంటే కింద రాసే ఒత్తిడి లెక్కలు వాటి మీదే ఆధారపడి ఉన్నాయి. ముందు ఒకటే పళ్ళచక్రం, నలభై పళ్ళది. వెనక పదకొండు నుంచి నలభై రెండు పళ్ళ దాకా ఉన్న గేర్లు. టైర్లు నలభై మిల్లీమీటర్ల వెడల్పువి, ట్యూబ్‌లెస్, అంటే లోపల ట్యూబు ఉండదు. ఒక్కో టైరులో ఎనభై మిల్లీలీటర్లకు తగ్గకుండా సీలెంటు, అంటే చిన్న చిల్లులను తనంతట తానే మూసే ద్రవం, పోస్తాను; మన ఎండకు అది త్వరగా ఆరిపోతుంది కనుక రెండు నెలలకొకసారి వాల్వు విప్పి చూసుకోవలసిందే. సామానుతో కలిపి నా బరువు ఎనభై కిలోలకు కాస్త తక్కువ.

నవంబరు

ఈశాన్య రుతుపవనం ఇంకా వెళ్ళలేదు. ఒంగోలు చుట్టూ నల్లరేగడి పొలాల డొంకలు వాన పడిన మరునాడు సైకిలుకు పనికిరావు; మట్టి ఉండలు కట్టి ఫోర్కుకూ టైరుకూ మధ్య ఇరుక్కుంటే చక్రం తిరగదు, పుల్లతో గీకుకుంటూ నడవాల్సి వస్తుంది. అందువల్ల ఈ నెలంతా గ్రావెల్ తోలించిన కాలువ కట్టల మీద, ఊరికి దగ్గరి దారుల మీద కాళ్ళు అలవాటు చేసుకున్నాను.

మొదటి దారి చిన్నది. ఒంగోలులోని ప్రార్థన కొండ దగ్గర బయలుదేరి, ఉత్తరంగా పదిహేను, పదహారు కిలోమీటర్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి దాకా వెళ్ళి రావడం. 1854 జనవరి 1 తెల్లవారుజామున నెల్లూరు మిషనుకు చెందిన లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఈ కొండ ఎక్కి, ఒంగోలుకు ఒక మిషనరీ రావాలని ప్రార్థించారు. పన్నెండేళ్ళ తరువాత జాన్ క్లౌ వచ్చి ఇక్కడ కాపురం పెట్టాడు, 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కంట్రాక్టుకు తీసుకొని జనానికి కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం అందుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఈ సంగతులు తెలిసి వెళితే ఆ రేవు దగ్గర పది నిమిషాలు ఆగాలనిపిస్తుంది. తెలియకపోతే అది జాతీయ రహదారి పక్కన ఒక ఇసుక ఒడ్డు మాత్రమే.

సైకిలు సంగతికి వస్తే, వెల్లంపల్లి వెళ్ళేటప్పుడు రహదారి సర్వీసు రోడ్డు తప్పనిసరిగా కొంత దూరం తగులుతుంది. తిరుగు దారిలో మాత్రం లోపలి పల్లెల మీదుగా రావచ్చు. కొత్తపట్నం వైపు బకింగ్‌హాం కాలువ గట్టును కూడా చూశాను, కానీ అక్కడ ఇసుకలో నలభై మిల్లీమీటర్ల టైరు దిగబడిపోతుంది. ఆ గట్టుకు రెండంగుళాలకు పైబడిన టైర్లున్న సైకిలు కావాలి.

డిసెంబరు

అసలు పని ఈ నెలలో మొదలయింది. ఒంగోలు నుంచి పొదిలి దాకా కర్నూలు రోడ్డు వెంబడి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. చీమకుర్తి చుట్టూ గ్రానైటు రాళ్ళ లారీలు ఎడతెగకుండా తిరుగుతాయి, వాటి దుమ్ములో ముందున్న గుంత కూడా కనిపించదు. తెల్లవారకముందే చీమకుర్తి దాటగలిగితే దాటాలి, లేదంటే పొదిలి దాకా సైకిలును బస్సు మీద వేసుకొని, అక్కడి నుంచి తొక్కడం మేలు. నేను రెండో పద్ధతికే మొగ్గుతాను.

పొదిలి దాటి కనిగిరి వైపు తిరిగాక నేల రంగు మారుతుంది. నల్లరేగడి పోయి ఎర్ర గరప నేల, దాని మీద తెల్లని పలుగురాళ్ళు. గ్రావెల్ సైకిలుకు ఇదే అసలైన నేల, శత్రువు కూడా ఇదే. పలుగురాయి విరిగిన చోట అంచు కత్తిలా ఉంటుంది. అది టైరు నడుమ గుచ్చుకుంటే ఫరవాలేదు, పక్క గోడను కోస్తేనే ప్రమాదం, ఎందుకంటే ఆ కోతను సీలెంటు మూయలేదు. దీనికి రెండు ఏర్పాట్లు చేసుకున్నాను. ఒకటి, పాత టైరు నుంచి రెండు వేళ్ళ వెడల్పున కోసిన ముక్కను సంచిలో ఉంచుకోవడం. పక్క గోడ తెగితే దాన్ని లోపలి వైపు అడ్డుపెట్టి, విడి ట్యూబు వేసి ఇల్లు చేరవచ్చు. రెండోది గాలి ఒత్తిడి. మొదట్లో ముందూ వెనకా 40 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ఒత్తిడి) పెట్టేవాణ్ణి. రాళ్ళ మీద సైకిలు ఎగిరెగిరి పడుతూ భుజాలు పట్టేసేవి. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చి ముందు 30, వెనక 33 దగ్గర నిలిపాను. ఇంకా తగ్గిస్తే పెద్ద రాయి తగిలినప్పుడు రిమ్ము నేలకు తగులుతోంది. ఈ మార్పు ఒక్కదానితోనే, అదే శ్రమకు, ఈ తరహా నేల మీద నా సగటు వేగం గంటకు పద్నాలుగు కిలోమీటర్ల నుంచి పదహారుకు పెరిగింది.

ముళ్ళ సంగతి వేరే. డొంకకు రెండు వైపులా సర్కారు తుమ్మ, నేల మీద పల్లేరుగాయలు. ఒక మలుపు దగ్గర ముందు చక్రంలో బుస్సుమన్న చప్పుడు వినిపించి దిగి చూస్తే, తుమ్మ ముల్లు టైరు నడుమ నిలువునా దిగి ఉంది, దాని మొదట తెల్లని సీలెంటు బుడగలు బుడగలుగా ఉబుకుతోంది. ముల్లును పీకకుండా, ఆ చోటు కిందికి వచ్చేలా చక్రాన్ని తిప్పి పట్టుకొని ఒక నిమిషం ఆగాను. బుడగలు సన్నగిల్లి, చివరకు పాలమీగడ తరక లాంటి పొర ఒకటి కట్టింది. ముల్లు మిగిలిన కొనను గోటితో తుంచేసి, రెండు పి.ఎస్.ఐ. గాలి కొట్టుకొని బయలుదేరాను. కనిగిరి దాకా మళ్ళీ పంపు బయటకు తీయలేదు. మామూలు ట్యూబులతో ఈ డొంకల్లోకి రావద్దని గట్టిగా చెబుతాను.

నీళ్ళ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కనిగిరి ప్రాంతపు భూగర్భ జలంలో ఫ్లోరైడు ఎక్కువని, దాని వల్ల తరతరాలుగా జనం ఎముకల జబ్బుతో బాధపడుతున్నారని అందరికీ తెలిసిందే. చేతిపంపు కనిపించింది కదా అని సీసా నింపుకోకూడదు. ఆ నీళ్ళు తల తడుపుకోవడానికి మాత్రమే. పల్లెల్లో నీళ్ళ ప్లాంట్ల దగ్గర శుద్ధి చేసిన నీళ్ళు క్యాన్లలో పట్టి అమ్ముతారు, అడిగితే సీసాలు కూడా నింపి ఇస్తారు. నేను మూడు లీటర్లు మోసుకొని బయలుదేరుతాను.

కనిగిరి మిషను ఆవరణకు చేరేటప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఇటువంటి ఆవరణల్లోకి వెళ్ళేటప్పుడు కొన్ని పద్ధతులు పాటిస్తున్నాను. ఆదివారం ఉదయం ఆరాధన జరిగే వేళ లోపలికి వెళ్ళను. గేటు దగ్గరే దిగి, హెల్మెట్టు తీసి, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి, పాస్టరు గారిని గాని కాపలా పెద్దాయనను గాని అడిగిన తరువాతే నీడలో కూర్చుంటాను. ఫొటోలు కూడా అడిగాకే. ఎక్కడా కాదన్నవారు లేరు.

జనవరి

కనిగిరి నుంచి పామూరు మీదుగా ఉదయగిరి డెబ్బై, ఎనభై కిలోమీటర్ల మధ్య ఉంటుంది. పడమటన వెలిగొండల వరుస పామూరు దాటిన దగ్గర నుంచి కంటికి ఆనుతూనే ఉంటుంది. ఎక్కుడు నిటారుగా ఉండదు, కాని ఎత్తుపల్లాలు విడవవు. వాగులోకి దిగడం, గట్టెక్కడం, మళ్ళీ దిగడం. వాగుల్లో జనవరికి నీళ్ళు తగ్గి గులకరాళ్ళు బయటపడతాయి. దిగేటప్పుడే చిన్న గేరులోకి మార్చుకోకపోతే గట్టు సగంలో గొలుసు మొండికేస్తుంది.

కుక్కలే పెద్ద బెడద. గొర్రెల మందల వెంట ఉండే కుక్కలకు సైకిలు కొత్త. పారిపోతే వెంటబడతాయి, కాబట్టి దిగి, సైకిలును కుక్కకూ మనకూ మధ్య అడ్డం పెట్టుకొని నెమ్మదిగా నడవాలి. సీతారాంపురం వైపు డొంకలో ఒక గొర్రెల కాపరి తన కుక్కల్ని అదిలించి, నా సైకిలు వైపు చూసి, "ఏంది సామీ, ఈ సన్న చక్రాలేసుకొని ఈ రాళ్ళల్లో బోతన్నావా? మోటారు సైకిళ్ళే పడతన్నయ్యి" అన్నాడు. "పడితే లేస్తాలే పెద్దయ్యా, భైరవకోనకు ఈ డొంక పోతుందా?" అని అడిగాను. పోతుంది గాని చీకటి పడకముందే తిరిగి రమ్మని, కొండ వారన ఎలుగుబంట్లు దిగుతాయని చెప్పాడు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. సాయంత్రం నాలుగు తరువాత కొండ వైపు డొంకల్లో ఉండకూడదన్నది అప్పటి నుంచి నా నియమం.

భైరవకోనలో ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం ఉన్నాయి. చర్చిల దారిలో ఇది చేరదు గాని, అంత దగ్గరకు వెళ్ళి చూడకుండా రావడం న్యాయం కాదు. ఉదయగిరి కోట కూడా అంతే. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. పైకి సైకిలు వెళ్ళదు, మెట్ల దారిలో కాలినడకే.

ఒక హెచ్చరిక. వెలిగొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది, దొంగ రవాణా మీద నిఘా ఎక్కువ. వీపున సంచితో అడవి దారిలో కనిపించే కొత్త మనిషిని ఆపి అడగడం సహజం. రిజర్వు ఫారెస్టులోకి వెళ్ళే దారి అయితే అటవీ రేంజి కార్యాలయంలో ముందే అడిగి వెళ్ళాలి, గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. నేను కలిపిన దారి మాత్రం ఊళ్ళ మధ్య డొంకల మీదనే సాగుతుంది.

ఫిబ్రవరి

పొదిలి నుంచి ఉదయగిరి దాకా ముక్కలన్నీ కలిశాయి. కనిగిరిలో ఒక రాత్రి ఆగి, రెండో రోజు మధ్యాహ్నానికి ఉదయగిరి చేరేలా తొక్కితే సుఖంగా ఉంటుంది. దారిలో మూడింట రెండు వంతులు మట్టి, గ్రావెల్. మిగిలినది పల్లెల తారు రోడ్డు. సగటు వేగం ఇప్పుడు పదిహేడు, పద్దెనిమిది మధ్య ఉంటోంది. గొలుసుకు నూనె మానేసి మైనం పూత వాడుతున్నాను, ఎర్ర దుమ్ము అంటుకోవడం బాగా తగ్గింది.

ఉదయగిరి నుంచి దక్షిణంగా ఆత్మకూరు దాకా కూడా పొడిగించవచ్చు. అక్కడ 1893లో తెరిచిన మిషను కేంద్రం ఉంది, ఆ పైన పెన్న వెలిగొండలను చీల్చుకొని వచ్చే సోమశిల కూడా దూరం కాదు. కాని మార్చి వచ్చిందంటే పది గంటలకే నేల కాలిపోతుంది. ఆత్మకూరు ముక్కను ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి తొమ్మిది లోపు ముగించేలా రెండుగా విడగొట్టుకుంటున్నాను. ఇంకా దక్షిణాన వెలిగొండల్లో ఉన్న రాపూరు కనుమ వైపు భాగాన్ని వానలు వెలిశాక, అటవీ అనుమతి తీసుకొని, డిసెంబరులో చూస్తాను.