పచ్చికుండ

ఈ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం కడప ఎండ కాదు, కుండ. పోయిన ఆదివారం తెచ్చిన కుండను గురించి ఇక్కడే మురిసిపోతూ రాశాను కనుక, దాని గతి ఏమైందో చెప్పడమూ నా బాధ్యతే. ఈరోజు తెల్లవారేసరికి కింద పరిచిన ఇసుక ముద్దయి, నీళ్లు గడప దాకా పారి, బియ్యం మూట అడుగంతా నానిపోయింది. కొత్త కుండ చెమర్చవలసిందే, ఆ చెమ్మ ఆరుతుంటేనే లోపలి నీళ్లు చల్లబడతాయి; కానీ ఇది చెమర్చడం కాదు, కారడం. "తట్టి చూసి తెచ్చినావా?" అన్న ఒక్క ప్రశ్న తప్ప ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

తడిసిన బియ్యం చాపమీద ఆరబోస్తూ చిన్నదానికి పంజాబీల జానపద కథ, సోహ్నీ కథ చెప్పాను. రాత్రిపూట కుండను ఆసరా చేసుకొని చీనాబ్ నదిని ఈది, అవతలి ఒడ్డున గేదెలు కాసే మహివాల్‌ను కలుసుకొనే సోహ్నీకి, ఆడబిడ్డ ఒకనాడు కాల్చిన కుండ తీసి పచ్చికుండ పెట్టింది. అది నడినీళ్లలో కరిగిపోయింది. (కథల్లో ప్రతి పాపమూ ఆడబిడ్డ నెత్తినే ఎందుకు వేస్తారో తెలియదు, మా చెల్లెలు ఇది చదువుతుంది.) చెబుతూ చెబుతూ నాకే కోపం వచ్చింది. సోహ్నీ కుమ్మరి బిడ్డ. మట్టిలో పుట్టి పెరిగిన పిల్లకు పచ్చికుండ చేతికి తెలియదా?

మా జేజికి తెలిసేది. ఎండాకాలం మొదట్లో నన్ను వెంటబెట్టుకొని కుమ్మరివాము దగ్గరికి వెళ్లి, కుండ మెడను ఎడమచేత పట్టుకొని, నడిమివేలి కణుపుతో చుట్టూ తట్టి, చెవి ఆనించి వినేది. ఖంగుమంటే కాలినట్టు, బద్దుమంటే కాలనట్టు. ఒకసారి నాలుగు పక్కన పెట్టి అయిదోదాన్ని తడుతుంటే కుమ్మరాయన విసుక్కొని, "నా పెండ్లికి గూడా ఇన్ని సంబంధాలు చూడలేదు గదవ్వా" అన్నాడు. జేజి తల ఎత్తకుండానే, "పెండ్లాము కారదు లేబ్బా, కుండ కారుతాది" అంది. అయినా మా ఊరి పెన్నలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనుక, సోహ్నీ అక్కడ పుట్టి ఉంటే కుండ చెలమ నీళ్లు తెచ్చుకోవడానికే పనికివచ్చేది, ప్రియుడి దగ్గరికి నడిచే వెళ్లేది.

కానీ మధ్యాహ్నం అన్న మాట సాయంత్రానికి నాకే నిలవలేదు. నేనెందుకు తట్టలేదు? ఏళ్లుగా అదే చోట కొంటున్నాను కనుక. సోహ్నీ కూడా రోజూ అదే పొదలో దాచిన కుండ కోసం చీకట్లో చేయి చాపింది. అలవాటైన చేయి దేన్నీ తట్టి చూడదు. గ్రీకు కథలోని లియాండర్ సంగతీ అంతే. హీరో అనే ప్రియురాలు గోపురం మీద పెట్టే దీపాన్ని చూసుకుంటూ హెలెస్పాంట్ జలసంధిని రాత్రివేళల్లో ఈదేవాడు. తుపాను రాత్రి దీపం ఆరిపోయి దారి తప్పాడు. కవి బైరన్ 1810 మే 3న ఆ నీళ్లనే ఒక గంట పది నిమిషాల్లో ఈది మురిసిపోయాడు. మరునాటి రాత్రి మళ్లీ ఈదవలసిన పని ఆయనకు లేదు. దాటలేనివని మనం చెప్పుకొనే ఈ నీళ్లను వాళ్లు రోజూ దాటుతూనే ఉన్నారు, ఆ సంగతే ఇన్నాళ్లూ నాకు తట్టలేదు.

ఇప్పుడు మిద్దె మీద ఉన్నాను. చీనావాళ్ల కథలో పాలపుంత అనే నదికి చెరొక ఒడ్డున నిలిచి, ఏడో నెల ఏడో నాడు మాత్రమే పక్షులు కట్టిన వంతెన మీద కలుసుకొనే నేతగత్తె, పశువుల కాపరి మన అభిజిత్తు, శ్రవణం నక్షత్రాలే. శ్రవణం తూర్పున ఇప్పుడే పైకి వచ్చింది. ఊరి దీపాల వెలుగులో ఇద్దరూ కనిపిస్తున్నారు, నది మాత్రం కనిపించడం లేదు. కారిన కుండను పిట్టగోడ పక్కన బోర్లించి ఉంచారు. వేలి కణుపుతో తట్టి చూశాను. బద్దుమంది.