పదహారో క్లబ్బు మన ఊరిది

ఆదివారం.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. బావగారికి పుణెకి ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లంతా అట్టపెట్టెలే, పిల్లాణ్ని ఫుట్‌బాల్ గ్రౌండుకి నువ్వు తీసుకెళ్తావా అని. బండి తీసుకుని వెళ్లాను. వాడికి పదకొండేళ్లు. స్కూలు మారాలన్నా, కొత్త ఇల్లన్నా పెద్దగా పట్టించుకోలేదు గానీ, గ్రౌండు మాటెత్తితే తల దించేసుకుంటున్నాడు. ఈ మధ్యే కోచ్ వాణ్ని డిఫెన్స్ నుంచి తెచ్చి ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. గోల్స్ పడటం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఊరు వదలాల్సి వచ్చింది.

ఆటయ్యాక టిఫిన్ సెంటర్లో ఇడ్లీ ముక్కని చట్నీలో అటూ ఇటూ తిప్పుతూ అడిగాడు.

"అక్కడ వాళ్ల టీమ్ వాళ్లకుంటుంది కదా పిన్నీ. నన్నెందుకు ఆడిస్తారు?"

అంతా బాగుంటుందిలే అని సర్దిచెప్పి ఊరుకోవచ్చు. కానీ వాడడిగింది నిజమైన ప్రశ్న. అందుకే ఒగ్బెచె గురించి చెప్పాను. ఇంటికొచ్చి వంట చేస్తున్నంతసేపూ ఆయనే మనసులో ఉన్నాడు. వాడికి చెప్పినవీ, చెప్పడం కుదరనివీ ఇక్కడ రాసుకుంటున్నాను.

బార్తొలొమ్యూ ఒగ్బెచె. నైజీరియా ఫార్వర్డ్. 1984 అక్టోబర్ 1న పుట్టాడు, అది వాళ్ల దేశానికి స్వాతంత్ర్య దినం. చిన్నతనంలోనే పారిస్ సాంజెర్మాన్ అకాడమీలో చేరాడు. 2001-02 సీజన్‌కల్లా పెద్ద జట్టులో ఉన్నాడు. రొనాల్డీన్యో ఉన్న డ్రెస్సింగ్ రూమ్ అది. తన దేశపు హీరో జేజే ఒకోచా కూడా అక్కడే ఉన్నాడు. ఆ మరుసటి వేసవిలో జపాన్, కొరియాల్లో ప్రపంచ కప్. 2002 జూన్ 2న కషిమాలో అర్జెంటీనా మీద నైజీరియా తరఫున మొదటి పదకొండు మందిలో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. బాటిస్టుటా హెడర్‌తో ఆ మ్యాచ్ 1-0తో పోయింది, నైజీరియా మొదటి రౌండ్లోనే ఇంటికెళ్లిపోయింది. అయినా పదిహేడేళ్ల వాడికి అంతకన్నా గొప్ప మొదలు ఏముంటుంది?

తర్వాతే అసలు కథ. పారిస్ వాళ్లు లోన్ మీద బాస్టియాకి పంపారు, ఇంకోసారి మెట్జ్‌కి. 2005లో పూర్తిగా వదిలేస్తే అబుదాబిలోని అల్ జజీరాకి వెళ్లాడు. అక్కడి నుంచి స్పెయిన్ వెళ్లి అలావెస్, వయ్యదొలిద్, కాదిజ్‌లకు ఆడాడు. తర్వాత గ్రీస్‌లో కవాలా. ఆ దేశాన్ని కుదిపేసిన మ్యాచ్ ఫిక్సింగ్ కేసుల్లో 2011లో ఆ క్లబ్బునే కింది స్థాయికి తోసేశారు. ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రో ఒక సీజన్ చూసి సాగనంపింది. మళ్లీ స్పెయిన్ వచ్చి హెరెజ్‌లో చేరితే ఆ క్లబ్బు రెండో డివిజన్‌లో కూడా నిలవలేక జారిపోయింది. ఆఖరికి నెదర్లాండ్స్‌లో కంబూర్, విలెమ్ టూ. అక్కడే కాస్త కాలు నిలిచింది.

ఈ పేర్లు వరసగా చదివితే చాలామంది ఎక్కడా కుదురుగా లేడు అనేస్తారు. నేనా మాట ఒప్పుకోను. అందులో సగం చోట్ల క్లబ్బే కుదురుగా లేదు. పైగా ఫార్వర్డ్ కష్టం వేరు. గోల్‌కీపర్ కొత్త ఊరెళ్లినా గోల్‌పోస్టుల మధ్య దూరం మారదు. ఫార్వర్డ్‌కి మాత్రం పనంతా ఇంకొకరి కాళ్లలో ఉంటుంది. ఎడమ పక్క ఆడేవాడు బంతిని ఎప్పుడు వదులుతాడు, మధ్యలో వాడు తలెత్తి చూసి పాస్ ఇస్తాడా చూడకుండానే ఇస్తాడా, కార్నర్ కొట్టేవాడు దగ్గరి పోస్టుకి వేస్తాడా దూరపు పోస్టుకా, ఇవన్నీ తెలియడానికి నెలలు పడుతుంది. అవి తెలిసేలోపు గోల్స్ పడకపోతే బెంచి మీద కూర్చోబెడతారు. బెంచి మీద ఉన్నవాడికి ఎలాగూ తెలిసిరావు. ఫ్రెంచి, అరబిక్, స్పానిష్, గ్రీకు, డచ్చి మాట్లాడే వాళ్ల మధ్య ఆయన ప్రతిసారీ ఈ ముడి విప్పుకుంటూ వచ్చాడు.

2018లో ముప్పై నాలుగో ఏట ఇండియా వచ్చాడు. గువాహటిలో నార్త్ఈస్ట్ యునైటెడ్. ఆ వయసులో యూరప్ నుంచి మన ఐఎస్ఎల్‌కి, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌కి, వచ్చే ఆటగాళ్లంటే చాలామంది అభిమానుల్లో ఒక అనుమానం ఉండేది, చివరి జీతాలకి వస్తారని. ఆయన ఆ అక్టోబర్‌లోనే చెన్నైలో హ్యాట్రిక్ కొట్టి 4-3తో గెలిపించాడు. సీజన్ మొత్తం మీద 12 గోల్స్. అంతకుముందెన్నడూ ప్లేఆఫ్ మొహం చూడని నార్త్ఈస్ట్ సెమీఫైనల్ ఆడింది. కోచ్ ఎల్కో షటోరీ కేరళ బ్లాస్టర్స్‌కి మారుతూ ఆయన్నీ తీసుకెళ్లాడు. అక్కడ కెప్టెన్, 15 గోల్స్. ఆ ఏడాది మరో ఇద్దరు కూడా 15 దగ్గరే ఆగితే, ఎక్కువ గోల్స్‌కిచ్చే గోల్డెన్ బూట్ చెన్నైయిన్ ఆటగాడు వాల్స్‌కిస్‌కి వెళ్లింది. తర్వాత ముంబై సిటీలో లీగ్‌లో మొదటి స్థానానికిచ్చే షీల్డు, ఫైనల్ గెలిస్తే వచ్చే కప్పు రెండూ చేతికొచ్చాయి.

ఆయన్ని నేను మొదట గమనించింది ప్రత్యర్థిగానే. 2020 జనవరిలో కొచ్చిలో కేరళ మన హైదరాబాద్ ఎఫ్‌సీని 5-1తో ఓడించినప్పుడు రెండు గోల్స్ ఆయనవే. మన జట్టుకి అది మొదటి సీజన్, అందరి చేతిలోనూ ఓడిపోతున్నాం. ఆ రాత్రి టీవీ కట్టేస్తూ, ఇలాంటివాడొకడు మనకుంటే అనుకున్నాను.

2021లో మన జట్టుకే వచ్చాడు. పదహారో క్లబ్బు, ఏడో దేశం, ముప్పై ఏడేళ్ల వయసు. కోచ్ మనోలో మార్కెజ్ అప్పటికే కుర్రాళ్లతో మంచి జట్టు కట్టాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ రెండు పక్కల నుంచీ పరిగెత్తేవాళ్లు. ఆ పరుగులకి చివర ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఒగ్బెచె అయ్యాడు. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తెచ్చుకున్నాడు. గోవా ఫార్వర్డ్ కోరో పేరున ఉన్న 48 గోల్స్ రికార్డు దాటి ఐఎస్ఎల్ చరిత్రలోనే ఎక్కువ గోల్స్ వీరుడయ్యాడు. జనవరిలో ఈస్ట్ బెంగాల్ మీద హ్యాట్రిక్ కొట్టిన రోజు నేను ఆఫీసు కాల్‌లో మ్యూట్ పెట్టి, పక్కన ఫోన్‌లో మ్యాచ్ చూశాను.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒకటుంది. ఆ 18 గోల్స్‌లో ఒక్కటి కూడా హైదరాబాద్‌లో పడలేదు. కరోనా వల్ల సీజన్ మొత్తం గోవాలో పెట్టారు. మన "హోమ్ గ్రౌండ్" బాంబోలిమ్‌లో ఉండేది. ఖాళీ కుర్చీల ముందు ఆడారు. మన ఊరి పేరు గుండె మీద వేసుకుని ఒక మనిషి జీవితంలోకెల్లా గొప్ప సీజన్ ఆడుతుంటే మేమెవరమూ అక్కడ లేము. బబుల్ అంటే హోటల్, బస్సు, గ్రౌండ్, మళ్లీ హోటల్. అన్ని దేశాలు తిరిగినవాడు ఆ నెలలన్నీ గదిలో గడిపి గోల్స్ కొట్టాడు. ఇది తల్చుకున్నప్పుడల్లా ఆయనకి ఎలాగైనా కృతజ్ఞత చెప్పాలనిపిస్తుంది.

2022 మార్చి 20న ఫతోర్దాలో ఫైనల్. దానికి మాత్రం జనాన్ని రానిచ్చారు. ఎదురుగా కేరళ, స్టేడియం నిండా వాళ్లే. వాళ్లూ పసుపే, మనమూ పసుపే. ఆ రోజు పసుపు జెర్సీ మనకొచ్చింది, వాళ్ల జట్టు నల్లది వేసుకుంది. వాళ్ల రాహుల్ గోల్‌తో వెనకబడ్డాం. ఇక అయిపోయిందనుకునే వేళకి మన సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీ లోపలికెళ్లింది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఆ కప్పు గోల్‌కీపర్ పుణ్యమని అందరూ అన్నారు, నేనూ అంటాను. కానీ ఆ ఫైనల్ దాకా మోసుకొచ్చింది ఎవరో ఆ సీజన్ చూసినవాళ్లకి తెలుసు.

తర్వాతి ఏడాది గచ్చిబౌలికి వచ్చాడు. బాలయోగి స్టేడియంలో ఒక మ్యాచ్‌కి మేమందరం వెళ్లాం. చిన్నోడు అప్పుడు బావగారి భుజాల మీద. వాడికి మన అభిమానుల బృందం డెక్కన్ లీజియన్ వాళ్ల డప్పులు తప్ప ఏమీ గుర్తులేదట. నాకు గుర్తుంది. నేను బంతిని వదిలేసి చాలాసేపు ఆయన్నే చూశాను. నడుస్తున్నాడు. నిజంగా నడుస్తున్నాడు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య నిలబడి, బంతి అవతలి పక్క ఉన్నప్పుడు కూడా తల మాటిమాటికీ వెనక్కి తిప్పి వాళ్ల కాళ్ల వైపు చూసుకుంటున్నాడు. కుర్ర వింగర్ ఒకడు క్రాస్ తప్పు వేస్తే కోప్పడలేదు. అరచేయి చాపి నేల వైపు చూపించాడు, ఇక్కడికి, ఇంత ఎత్తులో అన్నట్టు. మరికాసేపటికి అదే పక్క నుంచి బంతి వచ్చింది. డిఫెండర్ బంతి వైపు చూసిన ఆ ఒక్క క్షణంలో రెండంటే రెండు చిన్న అడుగులు వెనక్కి వేశాడు. అంతే, ఒంటరిగా ఉన్నాడు. టీవీలో బంతి వెంట పోయే కెమెరాకి ఆ రెండడుగులు కనపడవు. ఏడు దేశాల్లో ఆయన నేర్చుకున్నదంతా నాకక్కడే కనిపించింది.

మాట మారుస్తున్నానేమో గానీ, మన ఫార్వర్డ్‌లకి ఈ వలస కొత్త కాదు. కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో దేశాన్ని ఏలుతున్న రోజుల్లోనే సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆట కోసం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ దేవుడయ్యాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్ బంగారం, రెండింటిలోనూ ఆయనున్నాడు. బతుకంతా బెంగాల్లోనే గడిపి 2023 ఫిబ్రవరి 16న అక్కడే కన్నుమూశాడు. అప్పటికి గచ్చిబౌలిలో ఒగ్బెచె ఇంకా ఆడుతున్నాడు. మన ఊరివాడిని బెంగాలీలు గుండెల్లో పెట్టుకున్నారు. నైజీరియా నుంచి వచ్చినవాడిని మనం పెట్టుకోవాల్సినంతగా పెట్టుకున్నామా అని నాకు అనుమానమే.

ఆ సీజన్‌లో ఇంకో పది గోల్స్ వేసి, మొత్తం 63 మీద ఆపి, 2023లో వెళ్లిపోయాడు. ఆ తర్వాత జట్టుకి డబ్బు కష్టాలొచ్చాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లారు, 2025లో ఆ ఫ్రాంచైజీనే ఢిల్లీకి మారిపోయింది. ఇప్పుడు ఐఎస్ఎల్‌లో మన ఊరి పేరు లేదు. దీని గురించి రాయాలంటే చేయి ముందుకు సాగడం లేదు.

ఇడ్లీ తినేటప్పుడు ఇంత చెప్పలేదులెండి. పదిహేడేళ్లకి ప్రపంచ కప్పు ఆడాడని, తర్వాత చాలా ఊళ్లు తిరిగాడని, ముప్పై ఏడేళ్లకి మన దగ్గర అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టాడని చెప్పాను. వాడు శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు: "వెళ్లిన ప్రతిచోటా ఫస్ట్ డే ఏం చేసేవాడు?"

నాకెలా తెలుస్తుంది? కానీ ఆ అరచేయి సంగతి చెప్పాను. బంతి ఎక్కడికి కావాలో మన పక్కవాడికి చూపించాలిరా, అడగకపోతే ఎవరికి తెలుస్తుంది అన్నాను. చేయి కడుక్కునే చోట నీళ్లు కారుతుండగానే వాడు ఆ చేయి చాపి చూసుకున్నాడు.

మధ్యాహ్నం వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. యూట్యూబ్‌లో పాత గోల్స్ పెట్టాను. వాడు మధ్యలో ఫోన్ లాక్కుని వెతికి, ఆ రికార్డు ఇప్పుడు ఒగ్బెచెది కాదు పిన్నీ, సునీల్ ఛెత్రి దాటేశాడు అన్నాడు. నిజమే, 2024లో దాటాడు. ఛెత్రి అంటే నాకు ప్రాణం, దాటినందుకు సంతోషమే. కానీ ఛెత్రి ఆ 63 దాటడానికి ఎన్ని సీజన్లు పట్టాయి, ఒగ్బెచె ఎన్నింటిలో వేశాడు చూడు అన్నాను. వేళ్లు మడిచాడు. గువాహటి, కొచ్చి, ముంబై, హైదరాబాద్, మళ్లీ హైదరాబాద్. ఐదు.

"నాలుగు టీములు!" అన్నాడు. మొదటిసారి ఆ మాట భయం లేకుండా అన్నాడు.

ఇంకో సంగతి వాడికి బాగా నచ్చింది. మన హైదరాబాద్ జట్టు కూడా పుణె నుంచి వచ్చిందే. 2019లో పుణె సిటీ క్లబ్బు మూతపడితే ఆ స్థానంలోనే మనది మొదలైంది. పుణెలో ఎవరైనా ఏ ఊరు మీది అంటే ముందు ఇదే చెప్తాడట.

సాయంత్రం అక్క వచ్చి తీసుకెళ్లింది. షిన్‌గార్డులు చిన్నవైపోయాయి, వెల్క్రో కూడా అంటుకోవడం లేదు. రేపు ఆఫీసు నుంచి వస్తూ కొత్తవి కొనాలి, ఒక సైజు పెద్దవి. బూట్లకి స్టడ్స్ కూడా చూడాలి. పుణెలో వానలు ఎక్కువట.