ఎర్ర గీత కనబడని వ్యాఖ్యానం: ఇస్తాంబుల్ నుంచి

పాత అరబ్బీ చేతిరాత ప్రతి చూడ్డానికి ఇస్తాంబుల్ వెళుతుంటే, టర్కీ డబ్బు లీరా పడిపోయింది, అక్కడ అన్నీ చవకే అని చెప్పి పంపినవాళ్ళను ముందు నిలదీయాలి. లీరా పడిన మాట నిజమే. దాంతోపాటే ధరలూ లేచాయి, పేరున్న కట్టడాల టికెట్లయితే ఏకంగా యూరోల్లోకి ఎక్కి కూర్చున్నాయి. సులేమానియే మసీదుకు మాత్రం టికెట్టు లేదు. వెజ్నెజిలర్ మెట్రోలో దిగి యూనివర్సిటీ గోడ వెంట నడిస్తే వచ్చేస్తుంది. మసీదుకు ఎదురుగా, పాత మదరసాల గోడను ఆనుకుని వరసగా హోటళ్ళు, అన్నిట్లోనూ ఒకటే వంటకం: కురు ఫసూల్యె. తెల్ల చిక్కుడు గింజల్ని టమాటా ముద్దలో, వెన్నలో గంటల తరబడి ఉడికించి మట్టి గిన్నెలో పెడతారు. అన్నానికి వేరే లెక్క, ఊరగాయకు వేరే లెక్క. రూపాయల్లోకి మార్చుకోకుండా తినేయడమే ఆరోగ్యం. ఆ ఊరగాయలో కారం వెతుక్కోవద్దు, ఉప్పూ పులుపే. ఒకప్పుడు ఈ వీధి నల్లమందు అలవాటున్నవాళ్ళ అడ్డా అట, ఇప్పుడు గింజల అలవాటుతో నడుస్తోంది.

ఆ హోటళ్ళ వెనక మదరసాల్లోనే ఉంది సులేమానియే గ్రంథాలయం. మసీదు సముదాయం ఒట్టోమాన్ వాస్తుశిల్పి సినాన్ కట్టింది, 1550 నుంచి 1557 దాకా. అందులో రెండు మదరసాలు 1918లో గ్రంథాలయంగా మారాయి. నగరంలోని మసీదుల్లో, మదరసాల్లో, పాషాల వక్ఫుల్లో చెల్లాచెదురుగా ఉన్న చేతిరాత ప్రతుల్ని ఇక్కడికి చేర్చారు. అయితే ఏ సంగ్రహాన్నీ కలిపేయలేదు. ఫాతిహ్, లాలెలీ, ఎసద్ ఎఫెందీ, షహీద్ అలీ పాషా అని ఎవరి పేరు వాళ్ళకే, ఎవరి నంబర్లు వాళ్ళవే. కాబట్టి పుస్తకం పేరొక్కటే పట్టుకుని వెళితే పని జరగదు, సంగ్రహం పేరూ నంబరూ రెండూ రాసుకుని వెళ్ళాలి. ప్రసిద్ధ ధర్మశాస్త్ర గ్రంథమైతే ఒక్కో సంగ్రహంలో నాలుగైదు ప్రతులు కూడా ఉంటాయి.

చూడదలచుకున్నది ‘మజ్మఉల్ అన్హుర్’. షేఖీజాదె అనే పండితుడు, మరణం 1667లో, ఇస్లామీయ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ ధర్మశాస్త్రం మీద అరబ్బీలో రాసిన వ్యాఖ్యానం. దాని మూలం ‘ముల్తఖల్ అబ్హుర్’. అలెప్పో నుంచి వచ్చి ఇదే ఊళ్ళో ఫాతిహ్ మసీదుకు ఇమాముగా పనిచేసిన ఇబ్రాహీం హలబీ దాన్ని 1517లో పూర్తిచేశాడు. అంతకుముందు మదరసాల్లో నడుస్తున్న నాలుగు పాఠ్యగ్రంథాలను, ఖుదూరీ, ముఖ్తార్, కన్జ్, వికాయా, ఒక్కచోట కుదించాడు. భేదాభిప్రాయాలున్నచోట బలమైనదాన్ని ముందు పెట్టాడు. తీర్పు చెప్పే ఖాజీకి అంతకన్నా ఏం కావాలి? ఒట్టోమాన్ రాజ్యమంతా అది చేతిపుస్తకమైపోయింది. కాకపోతే మరీ బిగుతుగా రాశాడు, వ్యాఖ్యానం లేకుండా కొరుకుడు పడదు.

యాజ్ఞవల్క్యస్మృతి మీద మితాక్షర చూసినవాళ్ళకు శ్లోకం, దాని కింద వివరణ అనే ఏర్పాటు అలవాటే. ఇక్కడ అలా ఉండదు. మూలవాక్యాన్ని ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య వ్యాఖ్యాత తన మాటలు దూరుస్తాడు, మొత్తం కలిపి చదివితే వ్యాకరణం ఎక్కడా తెగకూడదు. మూలంలో ‘వాన నీటితో శుద్ధి అవుతుంది’ అని ఉందనుకుందాం. వ్యాఖ్యానంలో అది ‘వాన నీటితో, రంగు రుచి వాసన మారనంతవరకు, నిలవున్నదైనా సరే, శుద్ధి అవుతుంది’ అన్న ధోరణిలో సాగుతుంది. ఏ మాట హలబీది, ఏ మాట షేఖీజాదెది అని తెలియడానికి ఒక్కటే ఆధారం: మూలపదాల తలమీద లేఖకుడు గీసే సన్నని ఎర్ర గీత. కొందరు మూలాన్నే ఎర్ర సిరాతో రాస్తారు, కొందరు మూలం మొదలైనచోట మీమ్, వ్యాఖ్య మొదలైనచోట షీన్ అక్షరం ఎర్రగా వేస్తారు. ఏదైనా పని ఎరుపుదే.

చిరాకు మొదలైంది ఇక్కడే. డిజిటల్ బొమ్మలున్న ప్రతుల అసలును మామూలుగా బయటికి తీయరు, తెరమీదే చదవాలి. వందల ఏళ్ళ కాగితాన్ని రోజూ పదిమంది తిప్పితే ఏమవుతుందో తెలిసినవాళ్ళెవరూ ఆ నియమాన్ని తప్పుపట్టరు. చిక్కు ఎక్కడంటే, ఏ దేశపు సంగ్రహంలోనైనా పాత బొమ్మల్లో చాలావాటికి రంగు లేదు, మైక్రోఫిల్ము నాటి నలుపు తెలుపులే. ఫిల్మును బట్టి ఎరుపు అయితే నల్ల సిరాలో కలిసిపోతుంది, లేదంటే కాగితంలో కలిసిపోతుంది. గీత మాయం. తెరమీద కాంట్రాస్టు ఎంత పెంచినా లేనిది రాదు. అప్పుడు పేజీ నిండా ఒకే గొంతు వినిపిస్తుంది, వందల ఏళ్ళు ఖాజీలు ప్రమాణంగా తీసుకున్న వాక్యమేదో, దానిమీద ఒకాయన చేర్చిన షరతు ఏదో తెలియదు. రంగు లేనప్పుడు ఉపాయం ఒకటే. మూలం విడి ప్రతినో, మూలాన్ని కుండలీకరణాల్లో పెట్టిన అచ్చు పుస్తకాన్నో పక్కన పెట్టుకుని మాట మాటా సరిచూసుకోవడం. పేజీకి అరపూట పడుతుంది. అందుకే బొమ్మలకు అర్జీ పెట్టేటప్పుడు రంగువి కావాలని, అట్టలు, మొదటి ఆకు, చివరి ఆకు, పుస్తకం కింది అంచు కూడా కలపాలని స్పష్టంగా రాయాలి. పుస్తకాలను అలమరలో పడుకోబెట్టేవారు కాబట్టి పేరు ఆ అంచుమీదే ఉంటుంది.

రంగు బొమ్మలున్న ప్రతి ఒకటి తెరిచేసరికి ప్రాణం లేచొచ్చింది. గొప్ప ప్రతేమీ కాదు. పేజీకి ముప్ఫైకి దగ్గరగా పంక్తులు, అన్నీ తిన్నగా. దారాలు బిగించిన అట్టమీద కాగితం పెట్టి బొటనవేలితో నొక్కితే పడే గీతల ఆనవాళ్ళవి, మిస్తర అంటారు ఆ అట్టను. కుడి పేజీ అడుగున, చివరి పంక్తి కింద, ఏటవాలుగా ఒక్క మాట ఉంటుంది, ఎదుటి పేజీ మొదలయ్యే మాట అది. తిరిగి బైండు చేసినప్పుడు ఆకులు తారుమారైతే పట్టిచ్చేది ఇదే. ఆకుకు ఒకటే నంబరు, రెండు వైపులకు ఏ, బీ. ఎవరైనా 57 అని మాత్రమే రాసిచ్చారంటే ప్రతిని వాళ్ళు సరిగా చూడలేదని అర్థం.

బంగారు పూత పూసిన రాజమందిరపు ప్రతులు కూడా చూశాను. మొహమాటం లేకుండా చెబితే, ధర్మశాస్త్రానికి అవి పెద్దగా పనికిరావు. ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరూ దిద్దలేదు. పైగా చుట్టూ గీసిన పచ్చ చట్రం ప్రాణాంతకం. ఆ పచ్చదనం రాగి తుప్పుది, కాగితాన్ని తినేస్తుంది, చివరికి రాత ఉన్న భాగం అద్దం ఊడినట్టు చట్రం నుంచి ఊడివస్తుంది. దీపపు మసి, తుమ్మ జిగురు కలిపి నూరిన నల్ల సిరా మాత్రం కాగితాన్ని ఏమీ చేయదు. దాని శత్రువు తడి ఒక్కటే. గంజి, కోడిగుడ్డు తెల్లసొన, పటిక పూసి, ఆరాక నున్నని రాయితో మెరుగుపెట్టిన కాగితంలోకి సిరా ఇంకదు, పైనే నిలుస్తుంది. తప్పు పడితే తడివేలితో తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. చెమట చేయి తగిలినా చెరిగేది అందుకే. ఈ మసీదులో వేల దీపాల పొగ ఒక గదిలోకి చేరేలా సినాన్ కట్టాడనీ, ఆ మసితోనే సిరా చేసేవారనీ అక్కడ ప్రతి గైడూ చెబుతాడు.

నమ్మదగిన ప్రతి అంటే మార్జిన్లు మురికిగా ఉన్నది. మూలప్రతితో సరిపోల్చుకుంటూ వచ్చిన చోటల్లా ‘బలగ’ అన్న చిన్న గుర్తు ఉంటుంది, ఇక్కడిదాకా వచ్చాం అని. వదిలిపోయిన మాటలు మార్జిన్లో రాసి చివర ‘సహ్హ’ పెడతారు. ఈ శాస్త్రంలో లేఖకుడి కళ్ళు ఎక్కడ జారతాయో ముందే చెప్పొచ్చు. ‘లేకపోతే లేదు’ లాంటి ముగింపులు పేజీలో నాలుగుసార్లు వస్తాయి, మొదటిదాని దగ్గర కలం ఎత్తినవాడు రెండోదాని దగ్గర దించుతాడు, మధ్యలో ఒక షరతు గల్లంతు. ఇంకా ప్రమాదం ‘లా’, అంటే అరబ్బీలో ‘కాదు’. ‘లా యజూజు’ అంటే ‘చెల్లదు’, అందులో ఆ రెండక్షరాలు ఎగిరిపోతే చెల్లనిది చెల్లిపోతుంది. అధ్యాయాల పేర్లు ఎర్ర సిరాతో తర్వాత తీరిగ్గా వేద్దామని ఖాళీ వదిలి, తర్వాతెప్పుడూ వేయని ప్రతులు కూడా బోలెడు. అందులో విషయసూచికను నమ్ముకుంటే అంతే సంగతులు.

కాలం తేల్చడానికి చివరి ఆకు చూడాలి, పంక్తులు సన్నబడుతూ త్రికోణంగా ముగిసేచోట. తేదీ చాలాసార్లు నెలలో మొదటి పది రోజులు, నడిమి పది, చివరి పది అనే లెక్కలో ఉంటుంది. హిజ్రీ 1130 అంటే దాదాపు 1718. అయితే జాగ్రత్త, లేఖకుడు తన ముందున్న ప్రతిలోని తేదీని కూడా అలాగే ఎక్కించేస్తుంటాడు. అనుమానం వస్తే కాగితాన్ని వెలుతురుకెత్తి చూడాలి. వెనిస్ నుంచి వచ్చిన సరుకైతే మూడు నెలవంకల నీటిగుర్తు కనబడుతుంది. తెరమీద ఆ పని కుదరదు, మిగిలిన అసంతృప్తి అదొక్కటే. మొదటి ఆకుమీద వక్ఫు చేసిన తేదీ రాసి ఉంటే, ప్రతి ఆ తర్వాతది కాదని మాత్రం ఖాయం.

మన ఊరు ఈ వ్యవహారానికి దూరమేమీ కాదు. హనఫీ పండితుడు సరఖ్సీ రాసిన ‘షర్హుస్ సియరిల్ కబీర్’, అంటే యుద్ధం, సంధుల ధర్మం మీద వ్యాఖ్యానం, 1916-17 ప్రాంతంలో అచ్చయింది హైదరాబాదులోనే, 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ నుంచి. దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చిన ముహమ్మద్ హమీదుల్లా ఉస్మానియాలో చదువుకున్న హైదరాబాదీ, ఇస్తాంబుల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాడు. ఇక్కడ అలమరల్లో మన నగరం పేరు చూసి ఆశ్చర్యపోవలసింది ఇస్తాంబుల్ వాళ్ళు కాదు, ఆ ప్రెస్సు పక్కనుంచి రోజూ బస్సులో వెళ్ళే మనమే.

శుద్ధితో మొదలైన గ్రంథం వారసత్వంతో ముగుస్తుంది, అన్నిటికన్నా నలిగిన ఆకులూ అక్కడివే. నేను చూసిన ప్రతిలో ఆ మార్జిన్లో ఒక లెక్క ఉంది. చనిపోయిన స్త్రీకి భర్త, ఇద్దరు సొంత అక్కచెల్లెళ్ళు. సంతానం లేదు కాబట్టి భర్తకు సగం, అక్కచెల్లెళ్ళకు మూడింట రెండు. ఆరు వాటాలు చేస్తే ఆయనకు మూడు, వాళ్ళకు నాలుగు, మొత్తం ఏడు. ఆస్తి కన్నా వాటాలు ఎక్కువయ్యాయి. ఎవరిదో ఒక చేయి పక్కన గీసుకున్న గళ్ళలో మొత్తం ఆరే వేసి ఆపేసింది. ఇంకో సిరాతో ఇంకో చేయి ఆ ఆరును కొట్టేసి ఏడు వేసింది. ఆస్తిని ఏడు భాగాలు చేసి భర్తకు మూడు, అక్కచెల్లెళ్ళకు తలా రెండు ఇవ్వాలి. ఔల్ అంటారు దీన్ని, లోటును అందరూ దామాషాలో భరించడం. కిందే ‘సహ్హ’.