వంగిన బ్రేకు లీవరు

శనివారం, రాత్రి పదిన్నర.

ఇవాళ చెయ్యాల్సిన పని ఆకులు ఊడ్చడం. చేసిన పని కార్బొరేటర్ విప్పడం.

వెనక దొడ్లో మేపుల్ చెట్టు వారం రోజులుగా రాలుస్తూనే ఉంది. మా ఆవిడ రెండుసార్లు మెత్తగా, ఒకసారి గట్టిగా చెప్పింది. "అయిదు నిమిషాలు" అని గరాజులోకి దూరాను. ఆ అయిదు నిమిషాలు పొద్దున ఆరున్నరకు మొదలై పదింటికి పూర్తయ్యాయి.

బండి హోండా జెడ్ 50. 1969 నాటిది. ఇక్కడ దీన్ని మినీ ట్రెయిల్ అంటారు. ఏటా జూలైలో లెక్సింగ్టన్ దగ్గర మిడ్-ఒహాయో రేసు ట్రాకులో పాత మోటార్‌సైకిళ్ళ సంత ఒకటి పెడతారు. రెండేళ్ళ కిందట అక్కడ కొన్నాను. సంత అని ఊరికే అనలేదు. పశువుల సంతలో ఎద్దు నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టినట్టు, అక్కడ పెట్రోలు ట్యాంకు మూత తీసి టార్చిలైటు వేసి తుప్పు చూస్తారు. బేరం కూడా అచ్చం అలాగే. వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు నడవాలి. ఆ విద్య నేను విజయవాడ వన్‌టౌన్‌లో అమ్మ వెనకాల తిరిగి నేర్చుకున్నది కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

వేసవిలో రెండు నెలలు బండి ముట్టుకోలేదు. ట్యాంకులో పెట్రోలు అలాగే ఉండిపోయింది. ఇక్కడి పెట్రోల్లో పది శాతం ఇథనాల్ కలుస్తుంది. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది, కదలకుండా నిలవుంటే లోపలంతా పాడు చేస్తుంది. కార్బొరేటర్ కింది గిన్నె విప్పి చూస్తే అడుగున తేనెరంగు జిగురు. పెట్రోలును సన్నగా వదిలే ఇత్తడి ముక్క, జెట్టు, దానికున్న రంధ్రం కనపడనే లేదు. మా అమ్మాయి కాలేజీకి వెళ్తూ ఇంట్లో పడేసిపోయిన గిటారు తీగ ముక్క ఒకటి ఇలాంటి పనులకే దాచుకున్నాను. తీగ గట్టిగా తిప్పితే ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది, అప్పుడు ఆ జెట్టు ఎందుకూ పనికిరాదు. ఊపిరి బిగబట్టి చెయ్యాలి. కళ్ళజోడు పైకెత్తి, జెట్టును కిటికీ వెలుతురుకు అడ్డంపెట్టి చూస్తే సూదిమొనంత వెలుగు కనిపించింది. దానికే ఒక్కణ్ణీ నవ్వుకున్నాను.

చిన్నప్పుడు నేను నడిపిందీ ఇలాంటి బండే. నాది కాదు, పక్కింటివాడిది.

నాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, 1971లో రెసిడెన్సీకి ఈ దేశం వచ్చారు. 1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం మారాక మన డాక్టర్లు చాలామంది వచ్చిన దారే అది. శిక్షణ అయ్యాక ఇదే ఒహాయోలో, చుట్టూ మొక్కజొన్న చేలున్న ఒక చిన్న ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ఆ ఊరికి మేమొక్కళ్ళమే తెలుగువాళ్ళం. అమ్మ గోంగూర కోసం కలవరించి కలవరించి చివరికి విత్తనాలు ఉత్తరంలో తెప్పించుకుంది. నాకు మాత్రం ఏ లోటూ లేదు. పక్కింట్లో ఎర్ర బండి ఉంది మరి.

మేం నలుగురం పిల్లలం, బండి ఒకటి. ఒక్కొక్కడికి మూడు చుట్లు. షెడ్డు వెనక బయల్దేరి, చేను గట్టు వెంబడి చివరిదాకా వెళ్ళి, రోడ్డు పక్కన పోస్టుడబ్బా దగ్గర తిరిగి రావాలి. బండి పడేసినవాడు వరసలో ఆఖరికి పోవాలి. మిగతా ముగ్గురం బోర్లించిన బకెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఆగస్టుకల్లా మొక్కజొన్న మా తలల మీదికి లేచేది. బండి కనిపించేది కాదు, చప్పుడొక్కటే వినిపించేది. మూడో గేరు పడిన చప్పుడు, మూల దగ్గర తగ్గిన చప్పుడు, మళ్ళీ లేచిన చప్పుడు. వాడు ఎక్కడున్నాడో, రెండో చుట్టులో ఉన్నాడో మూడో చుట్టులో ఉన్నాడో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. బండి మీద కూర్చున్నది ఎంత గుర్తుందో కానీ, ఆ బకెట్ మీద కూర్చున్నది పూర్తిగా గుర్తుంది. బకెట్ అంచు తొడల కింద పడేసిన గీతలతో సహా.

క్లచ్ లీవరు ఉండదు దీనికి. మూడు గేర్లు, కాలితో వెయ్యడమే. పెడల్ తొక్కి ఉంచినంతసేపూ లోపల క్లచ్ విడిపోతుంది, వదిలితే పట్టుకుంటుంది. పెడల్ తొక్కిపట్టి, యాక్సిలరేటర్ నిండా తిప్పి, టక్కున పాదం ఎత్తేస్తే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. ఈ రహస్యం కనిపెట్టింది పక్కింటివాడు. దానివల్ల మొదట వెల్లకిలా పడిందీ వాడే. ఆరోజు వాడే వరసలో ఆఖరికి పోయాడు, నిబంధన పెట్టింది వాడే అయినా. ఆ ఒక్క సంగతికే వాడంటే నాకు ఇప్పటికీ గౌరవం.

హ్యాండిల్ రెండు ముక్కలు. మరలు వదులు చేస్తే అటూ ఇటూ మడిచి బండిని కారు డిక్కీలో పెట్టేసుకోవచ్చు. బాగానే ఉంది, కానీ ఆ మరలు తిరిగి గట్టిగా బిగించడం మర్చిపోతే నడుస్తుండగానే హ్యాండిల్ మెల్లగా ఒళ్ళోకి వంగుతుంది. పదేళ్ళవాడికి అప్పుడు ఏమనిపిస్తుందో రాయడం నా వల్ల కాదు.

వెనక షాక్ అబ్జార్బర్లు లేవు. చేను గట్టు మీద ప్రతి గడ్డా నేరుగా వెన్నుపూసకే తగిలేది. చక్రాలు ఎనిమిదంగుళాలవి. మోకాళ్ళు చెవుల దాకా వచ్చేవి. అమ్మ మొదటిసారి చూసి, "అచ్చం కోతిలా ఉన్నావురా, కొమ్మ ఒకటి తక్కువ" అంది. ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను. జపాన్‌లో ఈ బండిని పిలిచే పేరే మంకీ అట. 1961లో టోక్యో శివార్లలో హోండా వాళ్ళు నడిపిన తమా టెక్ అనే వినోదాల పార్కులో పిల్లలు తొక్కుకోవడానికి చేసిన బండి దీనికి మూలం. దానికి చక్రాలు అయిదంగుళాలవే. దాని మీద పెద్దవాళ్ళెక్కితే కోతి కూర్చున్నట్టుండేదట, ఆ పేరు అలా అతుక్కుపోయింది. జపాన్ వాళ్ళకూ మా అమ్మకూ ఒకే ముక్క తట్టింది. చెప్పి నవ్విద్దామనుకునేసరికి అమ్మ లేదు.

నాన్నది ఇంకో లెక్క. రాత్రి డ్యూటీల్లో ఎమర్జెన్సీకి వచ్చే ఎముకలు చూసినవాడు. శుక్రవారం కాలర్ బోన్, శనివారం మణికట్టు అని భోజనాల దగ్గర చదివేవారు. 1970 ప్రాంతాల్లో హోండా కంపెనీ దారితప్పిన కుర్రాళ్ళను దారిలో పెట్టే పథకం కోసం వై.ఎం.సి.ఏ. అనే యువజన సంస్థకి ఇలాంటి చిన్న బండ్లు పదివేలు ఇచ్చిందట. పక్కింటాయన ఆ సంగతి గొప్పగా చెప్పి నా తరఫున వాదించబోయాడు. "మావాడు ఇంకా దారి తప్పలేదు కదండీ" అన్నారు నాన్న. చివరికి ఆసుపత్రిలో ఎవరినో అడిగి పాత హెల్మెట్ ఒకటి తెచ్చి, అది లేకుండా ఎక్కితే ఇంట్లోకి రావద్దన్నారు. అది నా తలకు రెండు సైజులు పెద్దది. గుంతలో పడ్డప్పుడల్లా కళ్ళ మీదికి జారేది. ఎముకలు కాపాడటానికి తెచ్చిన హెల్మెట్ వల్లే ఒకసారి పడ్డాను కూడా.

అది 1977 ఆగస్టు. పోస్టుడబ్బా దగ్గర కంకరలో తిరగబోతే హెల్మెట్ జారింది, బండి ఎడమవైపు ఒరిగింది, నేను దాని కింద. ఎడమ మోకాలు చీరుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చలికాలం నల్లబడుతుంది. బండి తోసుకుంటూ వచ్చి షెడ్డులో పెట్టి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున చూస్తే కుడిచేతి బ్రేకు లీవరు వంగి ఉంది. ఆఖర్న నడిపింది నేనే. పైగా కుంటుతున్నాను. ఇంకేం సాక్ష్యం కావాలి? పక్కింటివాడు అరవలేదు. "ఈ వేసవికి నీ వంతు అయిపోయింది" అన్నాడంతే. స్కూళ్ళు తెరిచేదాకా బకెట్ మీద కూర్చుని చప్పుడు వింటూ గడిపాను.

రెండేళ్ళకు తాతయ్యకు బాగుండక మేం ఇండియాకి తిరిగి వెళ్ళిపోయాం. 1979 వేసవిలో. అదే ఏడాది సెప్టెంబరులో ఇక్కడ మేరీస్‌విల్‌లో హోండా తన మొదటి అమెరికా ఫ్యాక్టరీ తెరిచింది, మా పాత ఇంటికి గంటన్నర దూరంలో. నేను పోవడం, వాళ్ళు రావడం.

విజయవాడలో మొదటి వారమే బెంజి సర్కిల్ దగ్గర ఒక చిన్న బండి చూసి గుండె ఆగినంత పనయింది. దగ్గరికి పరిగెత్తాను. రాజ్‌దూత్. 'బాబీ' సినిమాలో కనిపించాక దానికా పేరే పడిపోయింది. చిన్న చక్రాలు, పొట్టి సీటు, అన్నీ ఉన్నాయి. కిక్ కొట్టగానే తెల్లటి పొగ, డబడబమని టూ స్ట్రోక్ చప్పుడు. నాది కాదు అది. ఆ తర్వాత ఆరేళ్ళకు, నేను ఇంజనీరింగ్‌లో ఉండగా, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. ఏలూరు రోడ్డు మీద ఎవరో పుస్తకాల షాపు ముందు దాన్ని ఆపి, ఇంజను ఆపకుండా లోపలికి వెళ్ళారు. నేను పేవ్‌మెంట్ మీద నిలబడిపోయాను. ఇది వంద సీసీకి దగ్గరున్నా ఆ చిన్న హోండా కుటుంబమే. నేలకు సమాంతరంగా పడుకున్న సిలిండరు, గడియారంలా అదే మెత్తటి టకటక. ఆయన బయటికొచ్చి, "ఏం బాబూ, ఏమన్నా కావాలా?" అన్నాడు. ఏం చెప్పను! "మైలేజీ ఎంతిస్తుందండీ?" అన్నాను. అందరూ అడిగేది అదే కాబట్టి ఆయనకు అనుమానం రాలేదు.

ఇక ఇవాళ్టి సంగతి. ఇదంతా రాస్తున్నది దీనికోసమే, ఎటెటో వెళ్ళిపోయాను.

ప్రతి శనివారం పొద్దున తొమ్మిదింటికి నాన్నకు వీడియో కాల్ చేస్తాను. ఇండియాలో అప్పుడు సాయంత్రం ఆరున్నర, ఆయన కాఫీ తాగి కూర్చునే వేళ. ఎనభై ఏడేళ్ళు. ఇవాళ ఫోన్ గరాజులోనే బెంచి మీద నిలబెట్టి మాట్లాడుతూ కార్బొరేటర్ బిగించాను. పెట్రోలు పోసి, చోక్ వేసి, కిక్ కొట్టాను. ఏడోదో ఎనిమిదోదో కిక్కుకు అందుకుంది.

నాన్న ఫోను చెవి దగ్గర పెట్టుకున్నట్టున్నారు, తెరంతా చెవే. కాసేపటికి, "అది పక్కింటివాళ్ళ ఆకుపచ్చ బండి కదూ" అన్నారు.

"ఎరుపు నాన్నా. ఆకుపచ్చ కాదు."

"ఆకుపచ్చే. నాకు తెలీదా, నేను పడ్డాను దాని మీంచి."

ఇంజను ఆపేశాను. "మీరా? మీరెప్పుడు ఎక్కారు?"

"నైట్ డ్యూటీ నుంచి తెల్లారగట్ల వస్తుంటే షెడ్డు తలుపు తీసే ఉంది. ఎలా ఉంటుందో చూద్దామని తోసుకుంటూ రోడ్డు దాకా తీసుకెళ్ళాను. కుడివైపు పడ్డాను. బ్రేకు వంగింది. పక్కింటాయనకు డబ్బులిచ్చాలే."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడిగావా?" అన్నారు. తర్వాత నవ్వుతూ, "మీ అమ్మ అయితే నెలరోజులు నవ్వింది. క్లచ్ లేకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు. లాంబ్రెట్టాకి చేతిలోనే ఉండేది కదా" అన్నారు.

అక్కణ్ణుంచి గుంటూరులో లాంబ్రెట్టా మీంచి పడ్డ కథలోకి వెళ్ళిపోయారు. బ్రాడీపేటలో ఆవు అడ్డొచ్చిన కథ, నాకు కంఠతా వచ్చు. అందులోనూ కుడివైపే పడతారు, అందులోనూ బ్రేకే వంగుతుంది. ఈమధ్య ఆయనకు రెండు మూడు జ్ఞాపకాలు ఒకదాంట్లోకి ఒకటి కారిపోతున్నాయి. పోయిన నెల మా అబ్బాయి పెళ్ళిలో మా మేనమామ పాడాడని పట్టుబట్టారు. మామయ్య పోయి పదిహేనేళ్ళయింది. కాబట్టి నమ్మాలో లేదో తెలీలేదు. రంగు కూడా తప్పు చెప్పారు.

ఫోన్ పెట్టేశాక బకెట్ బోర్లించి కూర్చుని ప్యాంటు పైకి మడిచాను. మచ్చ ఎడమ మోకాలికి ఉంది. బండిని నేను ఎడమవైపే పడేశాను. వంగింది కుడి లీవరు.

నలభై ఎనిమిదేళ్ళలో ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒక్కసారన్నా చూడలేదు నేను. ఇంజనీరునట!

పదింటికి మా ఆవిడ తలుపు తీసి, ఇండియన్ స్టోర్‌కి పోవాలి, కరివేపాకు అయిపోయింది అంది. వెళ్ళొచ్చాం. భోంచేశాం. మధ్యాహ్నం ఆకులు ఊడ్చే రేక్ చేత్తో పట్టుకున్నాను కానీ చినుకులు మొదలయ్యాయి, తడి ఆకులు ఎత్తితే నడుం పోతుంది. సాయంత్రం తను అంది, నీ చేతులు ఇంకా పెట్రోలు వాసనేస్తున్నాయని. రెండుసార్లు సబ్బుతో, ఒకసారి నిమ్మచెక్కతో కడిగాను. ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తోంది.