తిండి మానేసిన లెపర్డ్ గెకోను నిలబెట్టుకున్న తీరు

లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లికి ఒంట్లో బాగాలేదని ముందుగా చెప్పేది తోక. కొవ్వంతా అక్కడే దాచుకుంటుంది కాబట్టి బాగున్నప్పుడు తోక మెడ అంత లావుగా, ముల్లంగిలా ఉంటుంది. జనవరి మొదటి వారానికి మా దాని తోక మొదలు మెడకన్నా సన్నబడింది. నవంబర్‌లో 58 గ్రాములున్నది, బంగారం జోకే చిన్న కాంటా మీద 47 చూపించింది. తిండి ముట్టక పన్నెండు రోజులు, రెట్ట వేయక పదకొండు. ముందు కాలి రెండు వేళ్లకు పాత కుబుసం ఉంగరాల్లా చుట్టుకొని ఉంది.

ఇట్లాంటప్పుడు ఎవరికైనా ఏదో ఒకటి నోట్లో పెడదామనే అనిపిస్తుంది. పెట్టొద్దు. గెకో తన ఒంటి వేడి తాను పుట్టించుకోలేదు, పొట్ట కింద నేల ఇచ్చే వేడితోనే తిన్నది అరగాలి. చల్లబడ్డ కడుపులో పడ్డ పురుగు అరగదు, కుళ్లుతుంది. అందుకే మొదటి రెండు రోజులు తిండి ఊసే ఎత్తలేదు. ముందు తొట్టి సంగతి చూశాను.

గాజు గోడకు అంటించే గుండ్రటి థర్మామీటరు 29 చూపిస్తోంది. అది గోడ దగ్గరి గాలి లెక్క, అదీ సరైన లెక్క కాదు. గెకో పడుకునే పలక మీద డిజిటల్ థర్మామీటరు ప్రోబ్ (తీగ చివర వేడి కొలిచే మొన) ఆనిస్తే 25.5 వచ్చింది. కావలసింది వేడి పక్కన నేల మీద 31 నుంచి 33, చల్లటి పక్కన 24 నుంచి 26. రాత్రి 20కి తగ్గకుండా ఉంటే మంచిది. తేడా ఎక్కడొచ్చిందో వెతికితే కారణాలు రెండు దొరికాయి. చలికాలం రాత్రి హన్మకొండలో గది 18 దాకా దిగుతుంది, తొట్టి అడుగున బయట ఉండే చిన్న హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పట్టా) గది వేడికన్నా కొన్ని డిగ్రీలే పైకి లేపగలదు. రెండోది, తొట్టి గ్రానైట్ గట్టు మీద ఉంది. ఎంత వేడి ఇచ్చినా ఆ రాయి గుంజుకుంటోంది.

తొట్టిని చెక్క బల్ల మీదికి మార్చి, నాలుగు మూలలా రబ్బరు బిళ్లలు పెట్టి అర అంగుళం సందు వదిలాను. మూడు పక్కలా బయటి నుంచి థర్మాకోల్ అట్టలు కట్టాను. మ్యాట్ కింద మాత్రం థర్మాకోల్ పెట్టకూడదు, వేడి పోయే దారి లేక మ్యాట్ మాడుతుంది, గాజు పగిలే ప్రమాదమూ ఉంది. అప్పటికీ చాలకపోతే పైన వెలుగివ్వని సిరామిక్ హీట్ బల్బు వేయాలి. దానికి పింగాణీ హోల్డరే ఉండాలి, మామూలు ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది. దేనికైనా వేడిని బట్టి కరెంటు ఆపి వేసే థర్మోస్టాట్ తప్పదు. దాని ప్రోబ్ జారి పక్కకు పడితే ‘ఇంకా చల్లగానే ఉంది’ అనుకొని మ్యాట్ ఆగకుండా కాలుతుంది, గెకో పొట్ట చర్మం కాలేది అట్లానే. అందుకే ప్రోబ్‌ను మ్యాట్‌కూ గాజుకూ మధ్య బయటి వైపే బిగించాను. తొట్టి లోపల టేపు వాడొద్దు, దానికి అంటుకున్న గెకోను విడదీస్తే తోలు ఊడొస్తుంది. కరెంటు పోయినప్పుడు వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి తొట్టి గోడకు బయట ఆనించాను, రెండు గంటలు గడుస్తుంది.

ఇసుక మొత్తం తీసేసి టిష్యూ పేపర్ పరిచాను. అక్వేరియం షాపులో ‘కాల్షియం ఇసుక, తిన్నా ఏం కాదు’ అని అమ్మింది అదే. తింటుంది, అది నిజమే. కడుపులో గడ్డ కడుతుంది, అది చెప్పరు. టిష్యూ మీద రెట్ట రంగు, నీళ్లతనం, అందులో ఏమున్నదీ స్పష్టంగా కనబడుతుంది.

మలబద్ధకానికి రోజుకొకసారి గోరువెచ్చని స్నానం. నీళ్లు 30 నుంచి 32 డిగ్రీలు, లోతు గెకో మోచేతి దాకా, తల ఎప్పుడూ పైనే ఉండాలి, పదిహేను నిమిషాలు. నీళ్లు చల్లారిపోతాయి కాబట్టి ప్రోబ్ అందులోనే ఉంచాలి. ఈ గిన్నె మళ్లీ వంటింట్లోకి పోకూడదు, సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. ‘ఒక చుక్క ఆముదం పోయండి’ అనే సలహా ఇంట్లోనే వచ్చింది. నోట్లో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ జంతువు మిగలదు. మూడో స్నానం అయ్యాక, రాత్రి, ఇసుక రేణువులతో ముద్దగా రెట్ట వేసింది, పక్కన తెల్లటి యూరేట్ బిళ్లతో (గట్టిపడ్డ మూత్రం) సహా. ఆ తెల్ల బిళ్ల పసుపు రంగులోకి తిరిగితే ఒంట్లో నీళ్లు తగ్గాయని అనుమానించాలి.

వేళ్ల కుబుసం వదిలేస్తే అది ఎండి బిగుసుకొని రక్తం ఆపుతుంది, వేలు నల్లబడి రాలిపోతుంది. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాకు పక్కన బొక్క చేసి, తడిపి పిండిన కొబ్బరి పొట్టు వేసి, వేడి పక్కన పెట్టాను. స్నానం తర్వాత అరగంట అందులో ఉంచి, తడి ఇయర్ బడ్‌ను వేలి మొదలు నుంచి గోరు వైపు దొర్లించాను. ఒక ఉంగరం మొదటి రోజే వచ్చింది, రెండోది నాలుగో రోజుకు. అది నిజానికి ఒకటి కాదు, మూడు కుబుసాలు ఒకదానిమీద ఒకటి. గోటితో లాగితే గోరు కూడా వస్తుంది. ఇంత పనిలో ఎక్కడా తోక పట్టుకోవద్దు, తెంపేసుకుంటుంది. కష్టకాలానికి దాచుకున్న కొవ్వంతా దానితోనే పోతుంది.

ఆ రెట్టనే పరీక్షకు పంపాలి. ఎండిపోతే పనికిరాదు, చిన్న డబ్బాలో మూతపెట్టి అదే పొద్దున చేర్చాలి. గొర్రెలకు, బర్లకు పేడ పరీక్ష చేసే మైక్రోస్కోపే దీనికీ సరిపోతుంది, పురుగు గుడ్లు గుర్తుపట్టే కన్ను ఉండాలంతే. పిన్‌వార్మ్ అనే పేగు పురుగు గుడ్లు ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు రాశారు, పద్నాలుగు రోజుల తర్వాత రెండో మోతాదు.

అసలు చిక్కు ఇక్కడుంది. కిలోకు 50 మిల్లీగ్రాములంటే 47 గ్రాముల జంతువుకు 2.35 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములుండే ద్రావణంలో అది 0.094 మిల్లీలీటరు, అంటే రెండు చుక్కలు. మెడికల్ షాపులో ఇన్సులిన్ సిరంజి అడిగితే U-40 ఇవ్వొచ్చు, U-100 ఇవ్వొచ్చు. 0.1 మిల్లీలీటరు U-40లో 4 యూనిట్లు, U-100లో 10 యూనిట్లు. ఒకదాని లెక్క ఇంకొకదానిలో చదివితే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. అందుకే 0.01 చొప్పున గీతలుండే ఒక మిల్లీలీటరు సిరంజి తెచ్చుకున్నాను, సూది తీసేసి వాడాలి. సీసా బాగా ఊపాలి, మందు అడుగున దిగి ఉంటుంది. చుక్క మూతి అంచున పెడితే తానే నాకుతుంది, నోరు పగలదీయనక్కరలేదు. మోతాదు మాత్రం సరీసృపాలు చూసే డాక్టరే చెప్పాలి. కుక్కల నట్టల మాత్ర విరిచి పెట్టడం, తెలిసినవాళ్లు చెప్పారని ఐవర్‌మెక్టిన్ అనే ఇంకో పురుగుల మందు వేయడం ప్రాణం మీదికి తెస్తాయి. ఐవర్‌మెక్టిన్ తాబేళ్లనైతే చంపేస్తుంది.

డాక్టర్ కోసం హైదరాబాద్ దాకా పోవలసి వస్తే థర్మాకోల్ పెట్టెకు గాలి బొక్కలు పెట్టి, లోపల టిష్యూ పరిచి, ముందురోజు నుంచి తిండి ఆపి తీసుకుపోవాలి. కాజీపేటలో పొద్దున రైలెక్కితే ఎండ ముదరకముందే చేరతారు.

తిండి మొదలుపెట్టింది రెట్ట వేసిన మరునాడు. అప్పుడే తోలు విడిచిన తెల్లటి మీల్‌వార్మ్ (మేతకు వాడే పురుగు) ఒకటి, మెత్తగా ఉంటుంది. ముట్టలేదు. దాని లోపలి గుజ్జు సిరంజి మొనతో మూతికి రాస్తే రెండుసార్లు నాకింది. మూడో రోజు తానే పట్టుకుంది. పురుగు పొడవు గెకో రెండు కళ్ల మధ్య దూరాన్ని మించొద్దు. పెట్టేముందు ఒక రోజంతా పురుగులకు మునగాకు, క్యారెట్ మేపాను. మునగాకులో కాల్షియం ఎక్కువ. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పురుగుకు కాల్షియం కార్బొనేట్ పొడి అద్దాలి. పాన్‌డబ్బా సున్నం కూడా కాల్షియమే కదా అనుకోవద్దు, అది నోరు కాలుస్తుంది. పెరట్లో మిడతలు పట్టి పెట్టడమూ మన దగ్గర కుదరదు, చుట్టూ పత్తి, మిర్చి చేన్లు, మందు కొట్టని మిడత ఏదో చెప్పలేం. మిణుగురైతే ఒక్కటి చాలు ప్రాణం తీయడానికి.

బరువు వారానికొకసారి, అదే వేళకు, తినకముందు. 47, 46.5, 48, 50.5, 53. రెండో వారం తగ్గినట్టు కనిపించింది గానీ అది బయటపడ్డ ఇసుక బరువు కావచ్చు. వేడి సరిచేసి, నట్టల మందు వేశాక కూడా బరువు జారుతూ, తోక పుల్లలా మారి, తిన్నది కక్కుతుంటే క్రిప్టోస్పోరిడియం అనే కంటికి కనబడని పరాన్నజీవి పరీక్ష విడిగా అడగాలి. మామూలు రెట్ట పరీక్షలో అది దొరక్కపోవచ్చు, దానికి నమ్మకమైన మందు లేదు, బ్లీచింగ్‌కు అది చావదు. ఇంట్లో వేరే గెకో ఉంటే గిన్నెలు, పట్టకార్లు అన్నీ వేరు చేయాలి.

రెండో మోతాదు వేసిన పది రోజులకు ఇంకో రెట్ట పంపాను, గుడ్లు కనబడలేదు. టిష్యూ రోజూ మార్చడం అయినా ఆపలేదు, రెట్టలోని గుడ్లను మళ్లీ నాకితే కథ మొదటికొస్తుంది. ఏప్రిల్‌కల్లా థర్మాకోల్ అట్టలు విప్పేయాలి, అప్పటికి గదే 36 దాటుతుంది.