రెండు బంతులు, 12 సెంటీమీటర్లు: చార్జ్ ప్రయోగం ఎంతవరకు వచ్చిందంటే

పాయింట్ చార్జ్‌ల (చుక్కంత చోటులోనే ఉన్నట్టు లెక్కేసే చార్జ్‌ల) మధ్య పొటెన్షియల్ ఎనర్జీని, అంటే వాటి ఎడాన్ని బట్టి దాగుండే శక్తిని, ఇంట్లోనే కొలవాలని మొదలెట్టిన పనిలో మొత్తానికి నమ్మదగ్గ అంకెలు వస్తున్నాయి.

2 సెం.మీ. థర్మోకోల్ బంతులు, పైన వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టాను. ఒక్క బంతి తూకం సరిగ్గా తెలీదు కాబట్టి పది కలిపి కంసాలి కొట్లో తూయించాను, ఒక్కోటీ 0.1 గ్రాము పడింది. దారం మాత్రం నూలుది వద్దు, చెమ్మ పీల్చి చార్జ్ అంతా దాని వెంటే పోతాది. మా బరంపురంలో పట్టుకి కొదవేముంది, మగ్గం నేసే మావయ్యనడిగి పట్టుపోగు తెచ్చుకున్నాను. 60 సెం.మీ. పోగులు రెండూ ఒకే మేకుకి కట్టి, పీవీసీ పైపుని ఉన్ని గుడ్డతో గట్టిగా రుద్ది, ఆనుకుని ఉన్న బంతులకి తాకిస్తూ ఉంటే ఎడంగా జరిగి అలా నిలబడిపోతాయి, చూడ్డానికి ఎంత బావుంటాదో! వెనకాల గ్రాఫ్ పేపర్, ఫోటో మాత్రం గది అవతలి మూల నుంచి జూమ్ చేసి తియ్యాలి, దగ్గర నుంచి తీస్తే కొలత తేడా వస్తాది, పైగా మన ఒళ్ళే బంతుల్ని లాగేస్తాది.

చలికాలం పొడిగా ఉన్న పొద్దున్న ఎడం, నడిమి నుంచి నడిమికి, 12 సెం.మీ. వచ్చింది. పోగు వాలు 6/60 (ఎడంలో సగం, పోగు పొడవు), బంతి బరువుని దాంతో గుణిస్తే ఒక్కో బంతి మీద తోపు సుమారు 0.0001 న్యూటన్, చార్జ్ 12 నానోకూలుంబుల పైమాటే. ఎనర్జీ kq²/r (k కూలుంబ్ స్థిరాంకం, q ఒక్కో బంతి మీది చార్జ్, r ఎడం), తోపేమో kq²/r², కాబట్టి ఎనర్జీ అంటే ఆ తోపుని ఎడంతో గుణించడమే, 12 మైక్రోజౌల్స్. ఇటు ఒక్కో బంతీ 3 మి.మీ. పైకి లేచింది, రెంటికీ కలిపి గ్రావిటీ ఎనర్జీ 6 మైక్రోజౌల్స్, సగం! కాకతాళీయం కాదు, వాలు తక్కువున్నంతసేపూ ఎప్పుడూ సగమే వస్తాది, ఇది కాగితం మీద తేల్చుకున్న రోజు నాకు పండగే.

మధ్యాహ్నం గోపాల్‌పూర్ వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే చూస్తుండగానే బంతులు దగ్గరకొచ్చేస్తాయి. దూరం సగమైతే ఎనర్జీ రెట్టింపు అని చదువుకున్నాం కదా, ఇక్కడ 6 సెం.మీ. దగ్గర 3 మైక్రోజౌల్సే ఉంటాది, ఎందుకంటే చార్జ్ కారిపోయి మూడో వంతు పైచిలుకే మిగులుతాది, ఆ రెట్టింపు రూలు చార్జ్ తగ్గకుండా ఉంటేనే. అంతకన్నా దగ్గరైతే లెక్క వెయ్యట్లేదు, అంత లావు బంతి అక్కడ పాయింట్ అనిపించుకోదు, ఫాయిల్ మీద చార్జ్ అవతలి పక్కకి జరిగిపోతాది.

ఇక మూడో బంతి కడతాను, జతలు మూడవుతాయి, ఎనర్జీ 3kq²/r రావాలి.