అక్క బడికి ఆటల పెట్టె: జూన్ నుంచి నవంబరు దాకా

మా అక్క ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, చెప్పేవాళ్లు ఇద్దరు. పుస్తకాల సంచి తేనక్కర్లేని శనివారం వచ్చిందంటే పిల్లలకు పండగ, ఆమెకు తలనొప్పి. నాకేమో సెలవు రోజున చేతిలో కత్తెరో జిగురో లేకపోతే తోచదు. అందుకని ఈ ఏడు బడి తెరిచినప్పటి నుంచి ఆమె తరగతులకు ఆటలు తయారుచేసి ఇస్తున్నాను. చాలావరకు మనకు తెలిసిన పాత ఆటలే, బడి గంటకు సరిపడేలా కుదించాను. వీలైన శనివారం నేనూ వెళ్లి వెనక బల్ల మీద కూర్చుని చూస్తాను.

చూసేటప్పుడు నాకు ఒకటే లెక్క. ఆడుతున్నవాళ్ల కేరింతలు నేను పట్టించుకోను. అదే సమయంలో ఎంతమంది తమ వంతు కోసం గోళ్లు కొరుక్కుంటున్నారో చూస్తాను. ఎనిమిదేళ్ల పిల్లవాడు రెండు నిమిషాలు ఊరికే కూర్చుంటే మూడో నిమిషంలో పక్కవాడి జుట్టు పట్టుకుంటాడు. ఆటల్లో నేను చేస్తూ వచ్చిన మార్పులు దాదాపు అన్నీ ఆ రెండు నిమిషాల కోసమే.

జూన్: చింతగింజలు

వేసవిలో చింతపండు కొట్టినప్పుడు గింజలు పారేయవద్దని అమ్మకు ముందే చెప్పి ఉంచాను. కడిగి ఎండబెట్టి, పుచ్చినవి ఏరేశాక ఒక పెద్ద డబ్బా నిండింది. చింతగింజకు పురుగు తొందరగా పడుతుంది, అందుకని సన్నటి సెగ మీద కాసేపు వేయించాను. ఎక్కువ వేగితే పైపొట్టు పగులుతుంది, చిటపటమని చప్పుడు రాగానే దించేయాలి.

వాటిలో కొన్నింటిని ఒక పక్క అరగదీసి పెట్టుకున్నాను. గవ్వలకు బదులు పందేలు వేసుకోవడానికి మన పల్లెల్లో ఎప్పటి నుంచో వాడుతున్నవే. గరుకు గచ్చు మీద రుద్దితే చాలు, కానీ వేళ్లు కాలతాయి. బల్లకు సాన్‌పేపర్ అంటించి, గింజను బట్టలారేసే క్లిప్పుతో పట్టుకుని రుద్దితే పని తేలిక. ముదురు గోధుమ రంగు పొర పోయి లోపలి తెలుపు కనపడగానే ఆపేయాలి. ఇంకా రుద్దితే గింజ బల్లపరుపుగా అయి ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది.

మొదటి ఆట రెండో తరగతికి. గుప్పెట మూసి సరా, బేసా అని అడగడం ఇంట్లో అందరూ ఆడిందే. దానికి చిన్న మార్పు చేశాను. ఇద్దరి మధ్య పది గింజలు పోస్తాం. ఒకరు కొన్ని గుప్పెట్లో దాచి మిగిలినవి నేల మీద వదిలేయాలి. గుప్పెట్లో ఎన్ని ఉన్నాయో రెండోవారు చెప్పాలి. చెప్పగానే గుప్పెట తెరుస్తారు, కాబట్టి తప్పో ఒప్పో వాళ్లకే తెలిసిపోతుంది, టీచరు తిరిగి చూడనక్కర్లేదు. తరగతి మొత్తం ఒకేసారి ఆడుతుంది. ఇద్దరికి పది గింజలు తప్ప సామగ్రి ఏమీ లేదు.

ఒక అబ్బాయి పది గింజలూ గుప్పెట్లోనే దాచాడు. ఎదుటి పిల్ల ఖాళీ నేల వైపు కాసేపు చూసి, "అన్నీ నీ దగ్గరే ఉన్నాయి" అంది. అంకె చెప్పమన్నాడు వాడు. ఆ పిల్ల మళ్లీ నేల వైపు చూసి, నెమ్మదిగా "పది" అంది. సున్నాకు ఇంతకన్నా మంచి పాఠం నాకు తోచలేదు. పది గింజల ఆట తేలికైపోయిన జంటలకు పన్నెండు, తర్వాత పదిహేను, ఇరవై ఇస్తూ పోవాలి. ఒకటో తరగతికి మాత్రం గింజలు వద్దన్నది అక్క. ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు. వాళ్లకు నీళ్ల సీసాల మూతలు ఇస్తున్నాం.

జూలై: ఫ్లెక్సీ వెనక అష్టాచెమ్మా

మా వీధి చివర ఎప్పుడూ ఎవరిదో ఒకరి పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంటుంది. పండగ దాటాక అది వానకు తడుస్తూ వేలాడుతుంది. అడిగితే సంతోషంగా ఇచ్చేశారు. సబ్బు నీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో వేస్తే వాసన పోతుంది. వెనక తెల్లగా ఉన్నవే పనికొస్తాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ముక్కలో 60 సెంటీమీటర్ల చదరాలు ఆరు వస్తాయి. ఒక్కో చదరంలో 12 సెంటీమీటర్ల గళ్లు, అడ్డం ఐదు, నిలువు ఐదు. నాలుగు వైపులా నడిమి గడిలోనూ, మధ్య గడిలోనూ ఇంటూ గుర్తు. పర్మనెంట్ మార్కరుతో గీసి, గీతల మీద పారదర్శకమైన టేపు అంటించాలి. టేపు లేకపోతే పిల్లల మోకాళ్ల కింద గీతలు నెలలోపే చెరిగిపోతాయి. పటం తిరగేస్తే ఎవరో చిననాయకుడు చేతులు జోడించి నవ్వుతూ ఉంటాడు. పిల్లలకు అదొక అదనపు వినోదం.

ఆరు పటాలు, పటానికి నలుగురు, మొత్తం ఇరవై నలుగురు. మూడు నుంచి ఐదు తరగతులను కలిపి కూర్చోబెడితే సరిపోయింది. ఇంట్లో ఆడినట్టు నాలుగేసి కాయలతో ఆడితే గంట దాటినా తెమలదు. రెండేసి కాయలు చాలు. ఎదుటివారి కాయను చంపితేనే లోపలి వరుసలోకి పోవాలన్న నియమం కూడా ఎత్తేశాం.

అయినా ఒకరు పందెం వేస్తుంటే ముగ్గురు ఖాళీ. బయటి వరుస చుట్టి, లోపలి వరుస తిరిగి, మధ్య గడిలో పండడానికి ఒక కాయ సరిగ్గా 24 అడుగులు వేయాలి. అందుకని ప్రతి ఒక్కరూ పలక మీద తమ ఒక్కో కాయకు 24 వేసుకుని, పందెం పడినప్పుడల్లా నడిపిన కాయ లెక్కలో తీసివేస్తూ పోవాలని పెట్టాం. పక్కవాడి లెక్క తప్పని పట్టుకుంటే పట్టుకున్నవారికి ఒక అడుగు బహుమానం. ఇక చూడండి, ఒక్కరి కళ్లూ పక్కకు పోలేదు. తీసివేతలు చేస్తున్నామన్న సంగతే వాళ్లకు పట్టలేదు.

ఐదో తరగతికి దీని నుంచే ఇంకో పని పుట్టింది. జంటకు నాలుగు అరగదీసిన గింజలు. పదహారు సార్లు వేసి, ప్రతిసారీ ఎన్ని తెల్లవి పైకి పడ్డాయో గీతలు గీసుకోవాలి. గింజ రెండు వైపులా సమానంగా పడేదైతే పదహారింటిలో ఒక్కటీ తెలుపు లేనిది ఒకసారి, ఒక తెలుపు నాలుగుసార్లు, రెండు ఆరుసార్లు, మూడు నాలుగుసార్లు, నాలుగూ తెలుపైనది ఒకసారి రావాలి. ఏ ఒక్క జంటకూ అలా రాదు. అన్ని జంటల గీతలూ బోర్డు మీద కలిపితే మాత్రం నడుమ ఎత్తుగా, కొసలు పల్లంగా కనిపిస్తుంది. అన్నీ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది, ఎందుకు ఇస్తారో అప్పుడు వాళ్లే చెప్పారు, అరుదు కాబట్టి అని. వెంటనే ఒక అమ్మాయి లేచి, "నాలుగూ తెల్లగా పడటం కూడా అంతే అరుదు కదా సార్, మరి దానికి నాలుగేనా?" అని నిలదీసింది. రెండింటికీ ఇంకో పందెం ఉందిగా అని అక్క సర్దిచెప్పబోయింది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. నాకూ ఆమె వైపే న్యాయం ఉందనిపించింది.

ఆగస్టు: పడవలు

ముసురు పట్టిన శనివారాలు. వరండాలోనే ఆడగలిగేది కావాలి. కాగితపు పడవ చేయడం రాని పిల్లలు ఉంటారని అనుకోలేదు, సగం మందికి రాదు. వచ్చినవాళ్లే రానివాళ్లకు నేర్పారు.

పందెం ఏమిటంటే, మునగకుండా ఎవరి పడవ ఎక్కువ చింతగింజలు మోస్తుంది. కాగితాలన్నీ 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవుకు కోసి తీసుకెళ్లాను, కొలత సమానంగా లేకపోతే పోటీ పోటీ కాదు. పాత నోటుపుస్తకం కాగితం, వార్తాపత్రిక, నునుపు క్యాలెండరు, మూడు రకాలు. వంట చేసే ఆమె దగ్గర బేసిన్లు అడిగి తెచ్చాం, నలుగురికి ఒకటి. ఇద్దరు గింజలు వేస్తే ఇద్దరు లెక్క రాయాలి, తర్వాత మారాలి. గింజ వేసేముందు ఎవరి అంచనా వాళ్లు పలక మీద రాయడం తప్పనిసరి. అంచనా రాసిన పిల్లవాడు చివరి గింజ దాకా కదలడు.

వార్తాపత్రిక పడవ ముందు తడిసి అడుగు జారిపోతుంది. క్యాలెండరు కాగితం అన్నిటికన్నా చాలాసేపు నిలిచింది. గింజలన్నీ ఒక మూలకే వేస్తే ఏ పడవైనా ఒరిగిపోతుంది, ఇది ఎవరూ చెప్పకుండానే అన్ని బేసిన్ల దగ్గరా బయటపడింది. నాలుగో తరగతి పిల్లవాడొకడు పడవ పక్కలను బాగా విప్పి అడుగు వెడల్పు చేశాడు. మిగిలినవాళ్లు అది పడవే కాదు, పళ్లెం అని గోల పెట్టారు. పళ్లెమే గెలిచింది. వచ్చే శనివారానికి అందరివీ పళ్లేలే.

తొక్కుడుబిళ్ళ గళ్లలో గుణింతాలు రాసి గెంతించడం కూడా ఇదే నెలలో చూశాం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. ఒక పిల్ల గెంతుతుంటే ఇరవై మంది నిలబడి ఉంటారు. ఆరుబయట ఐదారు చోట్ల గీస్తే తప్ప తరగతి ఆటగా పనికిరాదు. పక్కన పెట్టేశాను.

సెప్టెంబరు: గుడ్ల అట్టల్లో వామనగుంటలు

చెక్క వామనగుంటల పీట అందంగానే ఉంటుంది, తరగతికి సరిపడా కొనాలంటే మన వల్ల కాదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడతారు కాబట్టి గుడ్ల అట్టలు బడిలోనే దొరుకుతాయి. పగిలిన గుడ్డు మరక ఉన్నవి తీసుకోవద్దు, మిగిలినవి కూడా బాగా ఎండబెట్టాకే వాడాలి. అట్టకు 30 గుంటలు, ఐదేసి చొప్పున ఆరు వరుసలు. రెండేసి వరుసలుగా కోస్తే ఒక అట్ట నుంచి మూడు జంటలకు పీటలు. అసలు ఆటలో వరుసకు ఏడు గుంటలు ఉండాలి, ఐదుతో ఆట త్వరగా ముగుస్తుంది, బడికి అదే మేలు. గుంటకు నాలుగు గింజలు, పీటకు 40.

ఆట తీరు మామూలే. తన వైపు ఒక గుంట ఖాళీ చేసి గుంటకొకటి పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. ఆ తర్వాతి గుంట ఖాళీగా ఉంటే దాన్ని వేలితో తుడిచి, దాని పక్క గుంటలోవి గెలుచుకోవాలి. ఇద్దరి ఆట, పైగా ఒకరు పంచుతుంటే రెండోవారు కళ్లార్పకుండా చూడాలి, లేకపోతే ఎదుటివారు ఒక గుంటలో రెండు వేసేస్తారు. నేను దీనికి కలిపింది ఏమీ లేదు. గెలిచిన గింజలను పదేసి కుప్పలుగా పెట్టి చెప్పాలన్నది ఒక్కటే రెండో తరగతికి అక్క పెట్టిన నియమం. నాలుగైదు వారాలకు కొందరు పంచకముందే గింజలను చూపుడు వేలితో లెక్కపెట్టి, ఎక్కడ ఆగుతుందో చూసుకుని గుంట ఎంచుకోవడం మొదలుపెట్టారు.

అక్టోబరు: ఎక్కాల తంబోలా

దసరా సెలవుల్లో తయారుచేసింది. ఇప్పటిదాకా చేసినవాటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

రెండు నుంచి ఐదు దాకా ఎక్కాలు, ఒక్కోటి పది వరకు. అంటే 40 చీటీలు. పాత పెళ్లి శుభలేఖలు కోస్తే గట్టిగా ఉంటాయి. చీటీ మీద జవాబు ఉండదు, "4 × 5" అని మాత్రమే ఉంటుంది. పిల్లలు నోటుపుస్తకంలో తొమ్మిది గళ్లు గీసుకుని, ఈ ఎక్కాల్లో వచ్చే సంఖ్యలు ఏవైనా తొమ్మిది, వేర్వేరువి, రాసుకోవాలి. చీటీ తీసినవారు "నాలుగైదులు?" అంటారు. తమ గళ్లలో ఇరవై ఉన్నవాళ్లు కొట్టేసుకోవాలి. మూలలకు, వరుసకు, ఫుల్ హౌసీకి చప్పట్లు. గెలిచినవారే తర్వాతి ఆటలో చీటీలు తీస్తారు. వేరే బహుమతి అక్కర్లేదు, ఆ కుర్చీ చాలు.

"వచ్చే సంఖ్యలన్నీ బోర్డు మీద రాసేస్తాను తమ్ముడూ, లేకపోతే పిల్లలు తికమకపడతారు" అన్నది అక్క. రాయవద్దని బతిమాలాను. మొదటి ఆటలో కొందరు 13 రాసుకున్నారు, ఒకడు 29. ఆట అయ్యేదాకా ఆ గడి అలాగే ఉండిపోయింది. రెండో ఆటకు గళ్లు నింపేముందు గదిలో గుసగుసగా ఎక్కాలు మొదలయ్యాయి, ఎవరూ చదవమనలేదు.

అసలు విశేషం తర్వాత జరిగింది. మూడో తరగతి పిల్లలిద్దరు ప్రతిసారీ 12, 20 రాసుకుంటున్నారు. ఎందుకని అడిగితే మొదట చెప్పలేదు, రహస్యమట. చివరికి చెవిలో చెప్పారు. 12కు మూడు చీటీలు ఉన్నాయి, రెండారులు, మూడు నాలుగులు, నాలుగు మూడులు. 20కీ మూడే. 27కు మాత్రం మూడు తొమ్మిదులు ఒక్కటే, 45కు ఐదు తొమ్మిదులు ఒక్కటే. రెండేసి చీటీలు ఉన్నవి ఏవో కూడా వాళ్లు వెతికి పెట్టుకున్నారు. ఇంత చేసినవాళ్లకు ఎక్కాలు అప్పజెప్పమని వేరే అడగాలా?

నవంబరు: గొలుసు మాటలు

మాట చివరి అక్షరంతో ఇంకో మాట. తరగతిలో ఒకరి తర్వాత ఒకరు చెప్పే పద్ధతిలో ఆడితే ముప్పై మందిలో ఒక్కరే ఆడుతున్నట్టు. కాగితం మీదికి మార్చాను. క్యాలెండరు షీట్లను ఐదు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి నలుగురికి నాలుగు ఇస్తాం. ప్రతి ఒక్కరూ తమ పట్టీ మీద ఒక మాట రాసి కుడివైపుకు అందిస్తారు. ఎప్పుడు చూసినా నాలుగు చేతులూ రాస్తూనే ఉంటాయి.

తెలుగుకు కొన్ని నియమాలు ముందే అనుకోవాలి. గుణింతం పట్టించుకోవద్దు, హల్లు కలిస్తే చాలు. సున్నాతో ముగిస్తే ఆ సున్నా ఉన్న హల్లే లెక్క: పలక, కలం, లాంతరు, రుమాలు. ణ, ళలతో మాట ముగిస్తే దాని ముందు అక్షరం తీసుకోవాలి, వీణకు వ. బహువచనాలు వద్దు, లేకపోతే ప్రతి మాటా "లు"తోనే ముగిసి లడ్డు, లంగా, లాగు కాగానే ఆట ఆగుతుంది. ఈ చివరి నియమం తెలివైనవాళ్లను ఆపలేదు. తమ్ముడు, దేవుడు, మొగుడు అని వరసగా రాసి పక్కవాళ్ల మీదికి "డ" తోలుతున్నారు. డబ్బా, డప్పు, డోలు, డేగ దాటితే పిల్లలకు మాట దొరకదు. దొరకనివాళ్లు పాఠ్యపుస్తకం తెరిచి వెతుక్కోవచ్చని అక్క వెసులుబాటు ఇచ్చింది.

డిసెంబరుకు ఒకటో తరగతి వంతు. సీసా మూతల మీద అక్షరాలు రాసి, మాటలు పేర్చే ఆట అనుకుంటున్నాం. ప్లాస్టిక్ మూతలే కావాలి, సోడా సీసాల రేకు మూతల అంచు కోసుకుంటుంది. మార్కరు సిరా పిల్లల చేతి చెమటకు చెరిగిపోతోంది, గోళ్ల రంగుతో రాసి చూడాలి. అ, ర, ల, మ, క మూతలు ఎక్కువ కావాలి, ఒక్కో జట్టుకు కనీసం మూడేసి. మూతల కోసం కల్యాణ మండపం కాపలా ఆయనకు చెప్పి ఉంచాను, ముహూర్తాలు ఉన్న వారం వెళ్లి తెచ్చుకోవాలి.